పల్లవి దాటని బాబాయి

బాబాయికి పాటలో పల్లవి తప్ప మరేదీ పట్టదు. చరణం ఒక్క పాదం పాడనిచ్చి, హార్మోనియంతో అందరినీ చెవి పట్టుకుని మళ్ళీ పల్లవి దగ్గరికి లాక్కొచ్చేవాడు. పాట మొదలయ్యాక టీ చల్లారేది, మళ్ళీ కాచేవారు, అదీ చల్లారేది. రెండో చరణం మాత్రం వచ్చేది కాదు. బట్టల మిల్లు పాటల బృందంలో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పల్లవి బాబాయి అంటే చాలు.

బృందాన్ని నడిపేది అతని అన్న కూతురు. పద్ధతి మనిషి. పల్లవి, అనుపల్లవి, చరణం, చివర్లో ఇంకోసారి పల్లవి, అంతటితో పాట అయిపోవాలంటుంది.

"ఇంటికి ఒక తలుపు చాలదా బాబాయ్? అడుగుకోటి పెడతావేంటి?" అని ఒకసారి విసుక్కుంది.

"ఎవరైనా బయట ఉండిపోతారేమోనమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

మిల్లు మూసేస్తున్నారని తెలిశాక, మనుషులు చెదిరిపోయేలోపు ఒక్క పాటైనా రికార్డు చేద్దామనుకున్నారు. పాట చక్కగా రావాలని ఆమె బాబాయిని హార్మోనియం దగ్గర్నుంచి లేపేసింది. అతను వెళ్ళి, వెనక వరుసలో పాడే పిన్ని పక్కన నిలబడ్డాడు. పాట అచ్చు గుద్దినట్టు వచ్చింది. తర్వాత మిల్లుకు తాళం పడింది, తలా ఒక దిక్కు పోయారు.

నెల తర్వాత ఆమె బాబాయి ఇంటికి వెళ్ళింది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఫోన్లో ఆ పాటే. ఏళ్ళ కిందటి ఆపరేషన్‌తో గొంతు బొంగురుపోయిన పిన్ని, కూరలు తరుగుతూ పల్లవి అందుకుంది. పల్లవి దాటి పాట పైస్థాయికి ఎక్కగానే పిన్ని గొంతు ఆగిపోయింది. బాబాయి చప్పున ఫోన్ అందుకుని మళ్ళీ మొదటికి తిప్పాడు. పిన్ని మళ్ళీ పాడింది.

అన్న కూతురు గుమ్మంలోంచి ఇదంతా చూసింది. ఇన్నేళ్ళూ పిన్ని పాడింది పల్లవి ఒక్కటే. ఆ సంగతి పక్కనే ఉండి తను కనిపెట్టలేకపోయింది. తన పద్ధతి మీద తనకే రోత పుట్టింది. మళ్ళీ రికార్డు చేద్దామన్నా ఆ గొంతులన్నీ ఇప్పుడెక్కడ?

"పాట ఎలా ఉంది బాబాయ్?" అని అడిగింది, లోపలికి వస్తూ.

బాబాయి తల గోక్కున్నాడు.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. ఇంకా చరణం దాకా రాలేదు."