నీళ్లపళ్లెం మీద చీపురుపుల్ల

నా చిన్నప్పుడు మా మిర్యాలగూడ వాడలో నా అంత రాక్షసి ఇంకొకతి లేదు. మిగతా పిల్లలు కోడిపిల్లలనో కుక్కపిల్లలనో పెంచుకుంటే నేను చీమలను పెంచాను. అదీ వాటి చేత యుద్ధాలు చేయించడానికి.

మా నాయిన రైస్ మిల్లులో హమాలీ. మిల్లు వెనకే మా ఇల్లు. వాకిట్లో నూకలు రాలితే చాలు, గండుచీమలు బారులు కట్టేవి. వాటి పుట్టను తవ్వి, గుడ్లతో సహా మట్టిని గాజుసీసాలో పోసుకున్నాను. నా అదృష్టం కొద్దీ రాణిచీమ కూడా వచ్చింది. సీసాకు నల్లగుడ్డ చుడితే, చీకటి అనుకుని అవి గాజుకు ఆనుకునే దారులు తవ్వేవి. గుడ్డ విప్పితే వాటి కాపురం మొత్తం కనిపించేది. పాలగిన్నెకు చీమలు పట్టకుండా అందరూ కింద నీళ్లపళ్లెం పెడతారు కదా, నేను చీమలు బయటికి పోకుండా సీసానే నీళ్లపళ్లెంలో పెట్టాను.

కొన్నాళ్లకు ఉత్తగా చూడడం విసుగేసింది. పెరట్లోని ఎర్రచీమలను కాగితంలోకి ఎత్తి తెచ్చి సీసాలో కుమ్మరించాను. గండుచీమ ఎర్రచీమను నడుం దగ్గర పట్టి రెండు ముక్కలు చేసేది. ఒళ్లు తెగిపోయినా ఎర్రచీమ తల మాత్రం పట్టిన కాలును వదిలేది కాదు. ఆ తలను ఈడ్చుకుంటూనే గండుచీమ ఇంకోదాని మీదికి పోయేది. కాసేపటికి సీసా మూతి నుంచి రాలి పళ్లెంలో కాళ్లూ తలలూ తేలేవి. నేను చప్పట్లు కొట్టేదాన్ని. దాచడమెందుకు, నాకు భలే బాగుండేది.

ఆ రోజుల్లోనే మా చిన్నత్త, అంటే నాయిన చెల్లెలు, తిరుమలగిరిలోని అత్తగారింటి నుంచి ఒంటరిగా బస్సు దిగి వచ్చింది. పెదవి చీలిపోయింది. ఎడమచెయ్యి మోచేతి దగ్గర బూరెలా వాచింది. మామ, అంటే ఆమె మొగుడు, రోకలితో కొట్టాడట. అంతకుముందు రెండుసార్లు ఇలాగే వస్తే, రెండుసార్లూ మా తాత పెద్దమనుషులను కూర్చోబెట్టి, ఆడబిడ్డను సాగనంపే ఒడిబియ్యం పోయించి, మామ వెంట పంపించాడు. ఈసారి పోతే చంపేస్తాడని అత్త తాత కాళ్లు పట్టుకుంది. తాత మామకు కబురు పంపాడు. అతను వచ్చేలోగా అత్త ఎటన్నా పోతుందేమోనని, పెరటివైపు గదిలో ఉంచి బయట గొళ్లెం పెట్టించాడు.

నా సీసా ఆ గదిలోనే ఉండేది. చీమలకు నూకలు వెయ్యాలంటే నన్ను మాత్రం లోపలికి పోనిచ్చేవారు. అత్త ఏడుస్తుంటే నాకు తోచిన ఓదార్పు ఒక్కటే. కాగితం నిండా ఎర్రచీమలను తెచ్చి యుద్ధం పెట్టాను.

అత్త చాలాసేపు చూసింది. "గివి ఎందుకు కొట్టుకుంటున్నయో ఎరుకేనా?" అని అడిగింది.

"వాటికి పగ, అత్తా."

"పగ గాదు బిడ్డా. పోయేటందుకు తొవ్వ లేదు. నువ్వే లేకుంట జేసినవ్."

మూలనున్న చీపురులోంచి పొడుగాటి పుల్ల లాగి, సీసా మూతి మీది నుంచి పళ్లెం అవతలికి వంతెనలా వేసింది. ముందు ఎర్రచీమలు దిగి పారిపోయాయి. కొట్లాట ఆగిపోయింది. తర్వాత నా గండుచీమలు గుడ్లను నోట కరుచుకుని వరసగా నడిచాయి. చివరికి రాణిచీమ కూడా పోయింది. నేను పెంచిన చీమలు! పట్టరాని కోపం వచ్చి అత్త వాచిన చేతిని కసిదీరా కొరికాను. ఆమె కళ్లు మూసుకుంది తప్ప చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం మామ వచ్చాడు. వాకిట్లో పెద్దమనుషుల ముందు, ఇంకెప్పుడూ చెయ్యి చేసుకోనని ఒట్టు వేశాడు. గదిలోంచి అత్త "నేను పోను" అని అరిచింది. మామ ఒక్క ఉరుకున పోయి గొళ్లెం తీసి, జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చుకొచ్చి, అందరి ముందే కడుపులో తన్నాడు. ఆమె నోట్లోంచి నెత్తురు పడింది. మనుషులు అతన్ని పట్టుకుని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. "జర కోపం ఎక్కువగానీ, మనసు మంచిదే" అన్నాడు ఒక పెద్దాయన. అత్తను మళ్లీ గదిలో వేసి గొళ్లెం పెట్టారు. మా నాయినమ్మ కళ్లు తుడుచుకుంటూ ఒడిబియ్యానికి పసుపు కలపడం మొదలుపెట్టింది.

ఆ పసుపు బియ్యం చూశాక నా కాళ్లు ఆగలేదు. పెరట్లోకి పోయి, గొళ్లెం అందకపోతే బకెట్ బోర్లించి ఎక్కి తీశాను. అత్త నన్ను చూసింది. కొరికిన పళ్లగాట్లు ఆ చేతి మీద ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అదే చేత్తో నా చెంప నిమిరి, మిల్లు ఊకకుప్పల చాటు నుంచి రోడ్డెక్కింది.

ఎవరు తీశారని తాత అడిగితే నేనే అన్నాను. చీపురు విరిగేదాకా కొట్టాడు. నాయిన అడ్డం రాలేదు. నేను ఏడ్చానుగానీ తప్పయిందని అనలేదు.

అత్త కోదాడలో ఒక హాస్టల్లో వంటమనిషిగా కుదిరిందని చాన్నాళ్లకు తెలిసింది. మళ్లీ ఆ మామ గడప తొక్కలేదు. ముసలిదై, తను కొనుక్కున్న మంచం మీదే కన్నుమూసింది.

మొన్న సూర్యాపేటలో మా మనవడు ఆన్‌లైన్లో చీమల పెట్టె తెప్పించుకున్నాడు. అద్దాల గదులు, గొట్టాలు, గట్టి మూత. "నాయినమ్మా, ఇందులకెళ్లి ఒక్క చీమ గూడ బయటికి పోలేదు తెలుసా!" అని మురిసిపోయాడు. వాడు బడికి పోయాక, మూత తెరిచి ఒక చీపురుపుల్ల వేసి వచ్చాను.

సాయంత్రం ఖాళీ పెట్టె చూసి, ఏడుస్తూ, పళ్లు కొరుకుతూ నా మీదికి వచ్చాడు. నేను ఎడమచెయ్యి చాపాను.