తొడిమల గొయ్యి

మా ముత్తాత గ్రామ మునసబు. మా తాతగారు నడిచి వస్తుంటే బజారు లేచి నిలబడేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నాన్నగారికి మిగిలింది గుంటూరులో మిర్చి కొట్టు, ఊళ్లో ఒక చేను. కొట్టులో కూలికొచ్చే ఆడవాళ్లు మిరపకాయలకు తీసిన తొడిమల్ని పెరట్లో కాల్చేవారు. ఆ పొగకు వాళ్లే దగ్గి దగ్గి కూలబడేవారు. కాల్చకుండా ఏం చేయొచ్చో చెప్పమని నాన్నగారు వాళ్లనే అడిగారు.

“పేడ కలిపి గోతిలో మగ్గేస్తే ఎరువవుద్దేమో అయ్యగారూ. చేనెవరిస్తారు?” అంది ఒకామె.

“నా చేలో తవ్వండి.”

“ఘాటుకి చేను మాడుద్ది అన్నయ్యా,” అని బాబాయి నవ్వాడు.

“మాడితే నాదేగదరా మాడేది.”

రెండో ఏడు ఆ ఎరువుతో పత్తి ఒత్తుగా కాసింది. నాన్నగారు బండి కట్టించి వాళ్లందరికీ ఆ చేను చూపించారు. ఆయన పోయాక కొట్టు కొన్నవాళ్లు మళ్లీ తొడిమలు కాల్చారు. కొట్టు వెనక వీధిలోని మా ఇంట్లోకి పొగ వచ్చినా, “అక్కడ వాళ్లు పీల్చడం లేదూ” అని అమ్మ కిటికీలు మూయనిచ్చేది కాదు. మరుసటి వేసవిలో చేను కూడా అమ్మాం.