నాన్నగారు నన్ను పాస్ చేసిన రోజు

సి.ఏ. ఫలితాలు పోస్టులో వచ్చే ఆ కాలంలో, కవరు ఎవరి చేతిలో పడుతుందన్నది పరీక్షంత ముఖ్యమైన సంగతి. నేను నిడదవోలు నుంచి రోజూ పాసింజరులో రాజమండ్రి వెళ్లి ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేసేవాణ్ణి. ఫైనల్లో చివరి గ్రూపు అప్పటికే రెండుసార్లు తప్పాను. మూడోసారి కవరు వచ్చేటప్పటికి ఇంట్లో మా నాన్నగారున్నారు. ఆయన హైస్కూలు హెడ్మాస్టరు. ముప్ఫై అయిదు దాటితే పాసేనని సర్వీసంతా నమ్మిన మనిషి. నలభై ఆరు, యాభై ఒకటి, నలభై నాలుగు, నలభై ఎనిమిది. అంతవరకే చూశారు. (ప్రశ్నపత్రం చివరిదాకా చదవండర్రా అని పిల్లలకు రోజూ చెప్పే ఆయన, ఆ కాగితం చివరి వరస చదవలేదు.)

సాయంత్రం నేను స్టేషన్ నుంచి వచ్చేసరికి వీధంతా కాజాలు తింటోంది. ఎదురింటి మిల్లు గుమాస్తాగారు నా చెయ్యి పట్టుకుని, "సాధించారండి ఆడిటర్ గారూ" అన్నారు. లోపలికెళ్లి కాగితం చూశాను. నాలుగు పేపర్లూ కలిపి రెండొందలు రావాలి. నూట ఎనభై తొమ్మిదే వచ్చాయి.

"నాన్నగారూ, నేను ఫెయిలయ్యానండి."

"అన్నిట్లో పాసయ్యావు కదరా?"

"విడివిడిగా పాసేనండి. మొత్తం మీద ఫెయిలు."

"చెట్లన్నీ ఉన్నాయిగానీ తోట లేదన్నట్టుంది. ఇదేం లెక్క?"

"మీరు వెళ్లి పొరపాటైందని చెప్పండి."

ఆయన ఆ కాగితం మడిచి మళ్లీ కవర్లో పెట్టేశారు. "తిన్నవాళ్లని కక్కమంటామా? వచ్చేసారి పాసయిపో. ఎవరికీ తెలీదు."

ఫెయిలైనవాడికి కనీసం ఫెయిలైనట్టు తిరిగే హక్కుంటుంది. నాకది కూడా లేకుండా చేశారాయన. తర్వాతి పరీక్షలు బెజవాడ వెళ్లి దొంగతనంగా రాశాను. ఒకసారి రైల్లో గుమాస్తాగారే ఎదురై, "ఏంటండి, ఇంకా పుస్తకాలేనా?" అన్నారు. "రూల్స్ మారాయండి" అన్నాను. పాసయ్యేదాకా పెళ్లి మాట వద్దని వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పంపితే, ఆడిటరయ్యాక కుర్రాడికి పొగరెక్కిందని వీధిలో చెప్పుకున్నారు. వరసగా తప్పుతున్నవాడికి పొగరట.

ఆరోసారి నిజంగా పాసయ్యాను. అమ్మ, "పిన్నికైనా చెప్పొద్దా?" అంది. నాన్నగారు, "పాసైనవాడు మళ్లీ పాసయ్యాడని ఏమని చెప్తావే?" అన్నారు. వీధి తలుపు వేసొచ్చి, స్కూలు వార్షికోత్సవంలో ముఖ్య అతిథికి ఇచ్చినట్టు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. నాకు దక్కిన సన్మానం అదొక్కటే. ఆ కోపం చాలా ఏళ్లు ఉంచుకున్నాను. పెళ్లయ్యాక మా ఆవిడకు చెబితే నవ్వింది. ఆ నవ్వు మీద కోపం కూడా దానికే కలుపుకున్నాను.

మొన్న నాన్నగారి పెద్దకర్మకు, బాగా వంగిపోయిన గుమాస్తాగారు కర్ర పట్టుకుని వచ్చారు. భోజనాల దగ్గర పక్కాయనతో, "మూడోసారికే కొట్టేశాడండి మన మాస్టారి అబ్బాయి. ఆయన ఎంత మురిసిపోయారో ఆ రోజు" అంటున్నారు. ఆరోసారని చెప్పడానికి ఇన్నేళ్లకు అవకాశం వచ్చింది. ఇక అడ్డుపడేవాళ్లు కూడా లేరు.

ఆయన నా వైపు తిరిగి, "అంతేగా బాబూ?" అన్నారు.

"మూడోసారేనండి" అన్నాను.

నాన్నగారు విని ఉంటే ముందు నవ్వేవారు. తర్వాత, అబద్ధం ఆడినందుకు నాచేత గోడకుర్చీ వేయించేవారు.