నొప్పికి బేరమాడిన శనివారాలు

పోయిన వారం రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో మెట్లు దిగుతుంటే నా కుడి మోకాలు మొరాయించింది. ముప్పై ఏళ్ళుగా పరాయివాళ్ళ మోకాళ్ళు, నడుములు, మెడలు చూస్తున్న ఫిజియోథెరపిస్టుని. నా మోకాలు పట్టుకుని ఇంకొకరి దగ్గరికి పోవడం, సొంత బట్టల అంగడి ఉండి పక్క అంగట్లో చొక్కా కొనుక్కున్నంత నామోషీగా అనిపించింది. అయినా పోయాను. అక్కడ మా అమ్మాయి వయసు పిల్ల ఒకతి చేతిలో ట్యాబ్ పట్టుకుని, "నొప్పి పదికి ఎంత, అంకుల్?" అని అడిగింది. నిజానికి ఆరు. నోట్లోంచి మాత్రం ఎనిమిది అని వచ్చింది. ఆమె నాలుగంటుంది, నేను ఏడంటాను, చివరికి ఆరు దగ్గర తెగుతుంది అని లోపల ఎవరో లెక్క వేసుకున్నారు. ఆ పిల్ల తల కూడా ఎత్తకుండా ఎనిమిది కొట్టేసుకుని, కూర్చోమంది. కుర్చీలో కూర్చున్నాక సిగ్గేసింది. ఎదుటి మనిషి చెప్పిన అంకెను చెప్పినట్టు రాసుకోవడం ఇంత చిన్న పని. ఆ చిన్న పని చేయలేక నేనొక మనిషిని ఎంత అవస్థ పెట్టానో గుర్తొచ్చింది.

మాది ప్రొద్దుటూరు. నాయనకు బట్టల అంగడి, పక్కనే చిన్నాయనకు గాజుల అంగడి, ఎదురుగా మేనమామకు పాత్రల అంగడి. చెప్పిన మాటకు వెంటనే ఒప్పుకునేవాణ్ణి మా ఇళ్ళల్లో కాస్త తక్కువగా చూసేవాళ్ళు. అన్నం ఎంత పెట్టమంటావని అమ్మ అడిగినా, అటూ ఇటూ రెండు మాటలయ్యాకే గరిటె కదిలేది. నా పెళ్ళికి మా మేనమామ పురోహితుడితో ముహూర్తం గంట ముందుకు జరపమని మొదలుపెట్టి అరగంటకు ఒప్పించి వచ్చాడు. ఎందుకు జరపాలో ఆయనకూ తెలియదు. అలాంటి చోట పెరిగినవాణ్ణి హైదరాబాదు వచ్చి, రోగులతో రోజుకు ఎన్నిసార్లు వంగాలి, ఎన్ని అడుగులు నడవాలి అని బేరాలాడుతూ బతికాను. ఇరవై అడుగులు నడవమంటే పది నడుస్తారు కనుక నలభై చెప్పేవాణ్ణి. ఆ లౌక్యం చాలాకాలం బాగానే నడిచింది.

నొప్పి గురించి రోగులకు పాఠం చెప్పడం మొదలుపెట్టేనాటికి నేను బాగా అలసిపోయి ఉన్నాను. ఏళ్ళ తరబడి నడుము నొప్పితో తిరిగేవాళ్ళు సంచీ నిండా స్కానింగ్ ఫిల్ములు పెట్టుకుని వచ్చేవాళ్ళు. కడపవైపు నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ మేనేజరు తన వెన్నుపూసల నంబర్లు కారు నంబరంత గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. ఎముక అతుక్కున్నా, వాపు పోయినా నొప్పి ఎందుకు మిగులుతుందో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి నా గొంతుకే నొప్పి పుట్టేది. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి చెబుదామని ఖాజాగూడలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయంలో క్లబ్ హౌస్ అడిగాను. అసోసియేషన్ వాళ్ళు వెంటనే ఒప్పుకోలేదు. మీ దగ్గర ఊడ్చేవాళ్ళకూ, కాపలా వాళ్ళకూ కూడా ఊరికే చెబుతానని ఆశపెట్టి శనివారం పొద్దున రెండు గంటలు సంపాదించాను. మంచి బేరం చేశానని శేరిలింగంపల్లిలో మా ఇంటికి వెళ్ళేదాకా నాలో నేనే నవ్వుకున్నాను.

పాఠానికి నా దగ్గరున్న సరుకు ఒక్కటే, మా అంగట్లో జరిగిన సంగతి. ఒక చలికాలం శాలువా కప్పుకున్న మనిషి ఒకడు నాయన కళ్ళెదుటే రెండు చీరలు ఆ శాలువా కింద పెట్టుకుని పోయాడు. అప్పటినుంచి అంగట్లోకి ఎవరు శాలువాతో వచ్చినా నాయన గద్దె మీంచి లేచి నిలబడేవాడు. తర్వాత తువ్వాలు వేసుకొచ్చినా లేచేవాడు. ఎండాకాలం వచ్చేసరికి పైట నిండుగా కప్పుకొచ్చిన ముసలమ్మను చూసినా ఆయన గుండె దడదడలాడేది. ఆ దడ నటన కాదు. దొంగ మాత్రం ఎప్పుడో వెళ్ళిపోయాడు. మన నరాలూ అంతే, ఒకసారి దెబ్బ తగిలాక కాపలా ఎక్కువ చేస్తాయి, నొప్పి నిజం, అయితే నొప్పి పుట్టిన ప్రతిసారీ లోపల ఏదో చెడిపోతున్నట్టు కాదు, కొద్దికొద్దిగా కదులుతూ పోతే కాపలావాడికి మళ్ళీ నమ్మకం కుదురుతుంది అని చెప్పేవాణ్ణి. మేనేజరు ఇదంతా ల్యాప్‌టాప్‌లో రాసుకునేవాడు.

మొదటి శనివారం చివరి వరుసలో ఒకామె కూర్చుంది. పాలమూరు వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి, రెండు టవర్ల మెట్లు తుడిచే పని. బకెట్ మోసుకుంటూ పై అంతస్తు నుంచి కిందిదాకా తుడుచుకుంటూ రావాలి. రెండేళ్ళుగా నడుము పట్టేసి, ఎడమ కాల్లోకి గుంజుతోంది. లిఫ్టుల దగ్గర, కింద హాల్లో తుడిచే పని ఇస్తే చేసుకోగలదు. క్లబ్ హౌస్ సారు దగ్గర్నుంచి మెట్లు వద్దని చిట్టీ తెస్తే ఇస్తాను, లేకపోతే మెట్లే, అదీ కాదంటే మానుకో అన్నాడట సూపర్‌వైజరు. ఆమె ఆ చిట్టీ కోసమే వచ్చింది. ఇద్దరు పిల్లల చదువు ఆ ఉద్యోగం మీదే నడుస్తోంది. ముందు పాఠం వినమ్మా, చిట్టీ సంగతి తర్వాత చూద్దాం అన్నాను. నా శాలువా కథ అయ్యాక అందరూ తలలూపుతుంటే ఆమె చెయ్యెత్తింది.

"సారూ, మరి దొంగ నిజంగనే దినాం ఒస్తుంటే?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, మంచి ప్రశ్న అని చెప్పి, జవాబు చెప్పకుండా ముందుకు పోయాను. అంగట్లో జవాబు లేని ప్రశ్న వస్తే ఇంకో గుడ్డ తాను విప్పి చూపించడం మా పద్ధతి.

క్లాసు చివర ఒక్కొక్కరి నొప్పి పదికి ఎంతో అడిగి గోడ మీది చార్టులో రాసేవాణ్ణి. ఆమె పది అంది. పది అంటే మనిషి లేచి నిలబడలేడమ్మా, నువ్వు నిలబడే చెబుతున్నావు, ఏడు చేసుకుందామా అన్నాను. మేనేజరు వెనక్కి తిరిగి, "అక్కా, ఏడున్నరకు అడుగు, సారు ఇస్తాడు" అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, "మీ ఇష్టం సారూ, ఏడే రాసుకోండ్రి" అంది.

తర్వాతి వారం ఆరు అంది. ఆ తర్వాత ఐదు. ఆరో శనివారానికి నాలుగు. ఏళ్ళ తరబడి తొమ్మిది దగ్గరే కూర్చున్న మేనేజరుకు ఆమెను చూపించి, చూడు, ఫిల్ములు లేవు, నంబర్లు లేవు, ఎలా దిగుతోందో చూడు అనేవాణ్ణి. ఆ చార్టు ముందు నిలబడి, పండగ ముందు అంగడి కేసి చూసుకునే నాయనలా మురిసిపోయాను. అలసట కూడా కాస్త తీరినట్టయింది. ఆమె చిట్టీ అడుగుతూనే ఉంది. నాలుగుకు వచ్చావు, ఇంక చిట్టీ ఎందుకమ్మా అన్నాను.

ఎనిమిదో శనివారం ఆమె రాలేదు. క్లాసు అయ్యేసరికి లిఫ్టు ఆగిపోయింది, పై అంతస్తులో ఒక పెద్దాయన్ను చూడాల్సి ఉండి మెట్లెక్కాను. నాలుగో అంతస్తు దగ్గర ఆమె మెట్టు మీద ఒక పక్కకు ఒరిగి, ఎడమ కాలు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన బకెట్, దాని చుట్టూ ఒలికిన నీళ్ళు. ఇదేమిటమ్మా, ఇక్కడిలా కూర్చున్నావు అన్నాను. సూపర్‌వైజరు క్లబ్ హౌస్‌లో చార్టు చూసి ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడట. నాలుగే కదా, ఇంకో టవరు కూడా చెయ్యి అన్నాడట.

"నువ్వే కదమ్మా నాలుగు అన్నావు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

"తగ్గించుమన్నది మీరే గద సారూ. మొదటి దినం అందరి ముంగట అడిగితిరి. మీరు ఖుషయితే చిట్టీ రాస్తరని వారం వారం ఇంత తగ్గిచ్చిన."

"మరి ఇప్పుడెంత?"

"పదే. మొదటి సంది పదే."

నేను ఆ తడి మెట్టు మీదే కూర్చున్నాను. కోపం లేదామె గొంతులో. ధర కుదరక లేచిపోయే మనిషికి కూడా కాస్త కోపం ఉంటుంది. రోజూ వచ్చే దొంగ గురించి ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఆ బకెట్‌లోనే ఉంది. దొంగ మళ్ళీ రాలేదు గనుక నాయన భయం మెల్లగా తగ్గింది నిజమే, కానీ ఆ శాలువా మనిషి రోజూ వచ్చి రోజూ రెండు చీరలు పట్టుకుపోతుంటే తగ్గేదా?

అక్కణ్ణుంచే సూపర్‌వైజరు దగ్గరికి పోయాను. భీమవరం వైపు మనిషి, మర్యాదస్తుడు, కుర్చీ వేసి టీ తెప్పించాడు. "మీరే నాలుగని రాశారు కదండి. పోనీ ఏడనుకుందామండి, ఏడయితే ఒక్క టవరే ఇస్తానండి" అన్నాడు. నాకన్నా బాగా బేరమాడుతున్నాడు. జీవితంలో మొదటిసారి నేను ఒకే అంకె దగ్గర కూర్చున్నాను. నాలుగు నేను రాసిన అబద్ధం, ఆమె చెప్పింది పది, మెట్లు అసలే వద్దు అన్నాను. ఆయన ఎనిమిదన్నాడు. పది అన్నాను. టీ చల్లారిపోయింది. చివరికి చిట్టీ రాసి సంతకం చేసి ఆయన ముందు పెట్టాను. మూడు నెలలకయితే కింద హాలు పని ఇస్తానండి, తర్వాత చూద్దాం అన్నాడు. ఆ మూడు నెలల్ని మాత్రం ఆరు చేయించుకుని లేచాను. అంత అలవాటు ఒక్కరోజులో పోతుందా.

క్లబ్ హౌస్‌కు పోయి చార్టు చించేశాను. ఆ తర్వాతి శనివారం అందరి ముందూ ఆమెకు తప్పు ఒప్పుకున్నాను. మేనేజరు తల వంచుకుని, తన తొమ్మిదిని కూడా ఇంట్లో ఎవరూ నమ్మరని నెమ్మదిగా చెప్పాడు. అప్పటినుంచి అంకెలు చిన్న నోటుబుక్కులో, ఒక్కొక్కరి దగ్గరా విడిగా కూర్చుని రాసుకున్నాను. ఆమె కింద హాలు తుడిచేది, పొడుగు కర్ర మాప్‌తో, మధ్యలో ఆగి గోడకు చేతులానించి నడుము సాగదీసుకుంటూ. ప్రతి వారం పది అనేది. పది రాసేవాణ్ణి. వానలు మొదలయ్యాక ఒక శనివారం కాసేపు ఆలోచించి, "ఇయ్యాల ఎనిమిది అనుకోండ్రి సారూ" అంది. నిజంగానా అని అడగలేదు, భేష్ అని కూడా అనలేదు. ఎనిమిది రాశాను. మరుసటి వారం మళ్ళీ తొమ్మిది అంది. అదీ రాశాను.

ఆ చలికాలంలో కాంట్రాక్టు మారి ఆ పనివాళ్ళంతా వేరే చోటికి వెళ్ళిపోయారు. నాకు ఆమె చివరగా చెప్పిన అంకె ఏడు. అది ఆమె ఏడే, నేను దించింది కాదు. ఇప్పటికీ కొత్తగా వచ్చినవాళ్ళు ఎన్ని రోజుల్లో తగ్గుతుంది సార్ అని అడుగుతారు. ఒకప్పుడయితే ఆరు వారాలని చెప్పి బేరం కుదుర్చుకునేవాణ్ణి. ఇప్పుడు, భయపడిన ఒంటికి మళ్ళీ నమ్మకం కుదరడానికి చాలాకాలం పడుతుందని, ఆ కాలంలో ఒక్క రోజు కూడా తగ్గించకుండా చెబుతున్నాను.