అద్దె అక్కర్లేని రాతి చర్చి

అద్దె అక్కర్లేదు, శుభ్రంగా ఉంచుకుంటే చాలు అందావిడ ఫోన్లో. అక్కడే నాకు అనుమానం పట్టుకుంది. ఈ అమెరికాలో పార్కింగ్ కూడా ఊరికే ఇవ్వరు, చర్చి ఇస్తారా?

కానీ మాకు వేరే దిక్కు లేదు. ఆష్‌బర్న్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన జరుపుకునే హాలు ఇక ఇవ్వడం కుదరదని స్కూలువాళ్ళు చెప్పేశారు. అప్పటికే సగం కుటుంబాలు ఇంగ్లీషు చర్చిలకు జారుకుంటున్నాయి. మిగిలినవాళ్ళలో మనవల కోసం బాపట్ల నుంచీ, తెనాలి నుంచీ వచ్చి ఉంటున్న పెద్దమ్మలే ఎక్కువ. ఇంగ్లీషు ప్రసంగం మధ్య వాళ్ళేం చేస్తారు పాపం? చోటు దొరక్కపోతే సంఘం చెల్లాచెదురైపోతుంది. అందుకే ఓ శనివారం పొద్దున్నే ఆవిడ చర్చి ఉన్న పల్లెకి బయల్దేరాను. సంఘ పెద్ద ఒకాయన నాతో వచ్చాడు. ఆయన్ని అందరం బ్రదర్ అనే పిలుస్తాం. వారమంతా వేల కంప్యూటర్లు నడిచే డేటా సెంటర్‌లో ఉద్యోగం, ఆదివారం మా మైకులూ లైవూ ఆయన చేతిలోనే.

కిటికీల్లేని ఆ డేటా సెంటర్ గోడలు దాటాక రోడ్డు సన్నబడింది. రెండు పక్కలా నడుమెత్తు రాతిగోడలు, వాటి వెనక గుర్రాలు. ఊరంతా కలిపి ఒక్క వీధి. రబ్బరు బూట్లేసుకుని పాత పిండి మిల్లు ముందు నిలబడి ఉంది ఫోన్లో మాట్లాడినావిడ. డెబ్బై దాటిన తెల్లావిడ, చర్చి బాగోగులన్నీ ఆవిడవేనట. మా పేర్లయినా అడక్కుండా, "మీరెక్కడ పనిచేస్తారు?" అంది.

"ఆఫీసులో" అన్నాను. నీకెందుకమ్మా అని లోపల.

చర్చి చూపించమంటే ముందు ఊరు చూపించింది. ఇంగ్లండులో ఏదో పల్లె నుంచి వచ్చిన కొన్ని కుటుంబాలు ఈ వాగు పక్కన దిగి, తమ ఊరి పేరే దీనికీ పెట్టుకున్నారట. మొదట మిల్లు కట్టారు. తర్వాత రాతిగోడలు, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి. తర్వాత ఒకే గది బడి. ఎండాకాలంలో కూడా ఎండని ఊట మీద చిన్న రాతి గది. పాలు చెడిపోకుండా అందులో పెట్టుకునేవారట. వీటికి ఇన్ని కథలెందుకు చెబుతోంది, ఏం అంటగట్టబోతోంది అనుకుంటూ నడిచాను.

"ఈ ఊటలో నీళ్ళు ఎంత వస్తాయి?" అని బ్రదర్ అడిగాడు. ఆవిడ ముఖం మాడ్చుకుంది.

చర్చి మాత్రం బాగుంది, ఒప్పుకోవాలి. మందపాటి చెక్క బల్లలు, రంగుల్లేని అద్దాలు, బయట వరసగా ఒరిగిపోయిన సమాధి రాళ్ళు. మా పెద్దమ్మలు తెల్లచీర కొంగులు తల మీద కప్పుకుని ఆ బల్లల మీద కూర్చున్నట్టే కనిపించి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఈలోగా బ్రదర్ లేజర్ తీసి గోడలు కొలవడం మొదలెట్టాడు. కరెంటు ప్యానెల్ తెరిచి ఫొటో తీశాడు. ఇక్కడికి ఇంటర్నెట్ ఫైబర్ లైన్ వచ్చిందా అన్నాడు. గోడ మీద ఆ ఎర్రచుక్క పాకుతుంటే ఆవిడ తేలును చూసినట్టు చూసింది. నేను బయటికొచ్చేసరికి మా కారు నంబరు ప్లేటు ఫొటో తీసుకుంటోంది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "ఎందుకండీ అది?" అన్నాను.

"మిమ్మల్ని ఎవరు పంపారు?" అందావిడ.

అప్పుడు చెప్పింది. చర్చి ఖాళీ అయినప్పటి నుంచీ మర్యాదస్తులెవరో ఒకరు వస్తూనే ఉన్నారట. ఒకరు గుర్రాలకన్నారు, ఒకరు పెళ్ళిళ్ళకన్నారు. అందరూ అడిగినవి మూడే: కరెంటు, నీళ్ళు, ఇంటర్నెట్. చివరికి చూస్తే అందరూ ఊరి భూములు కొనేద్దామని వచ్చిన డేటా సెంటర్ల మనుషులే. ఇక్కడ ఆరాధన జరుగుతుంటే ఊరిని కదిలించడం కష్టమని ఆవిడ ఆశ, అద్దె వద్దన్నది అందుకేనట.

ఓసినీ, ఇదా సంగతి అని నవ్వేశాను. నీళ్ళు బాప్తిస్మానికి, మా వాళ్ళు నిలువునా ముంచుతారు. కరెంటు మైకులకి. ఇంటర్నెట్ గుంటూరులో కూర్చుని లైవ్ చూసేవాళ్ళకి. "మావాళ్ళు అలాంటివాళ్ళు కాదండీ, నాదీ పూచీ" అన్నాను. ఆవిడ చర్చి తాళంచెవి నా చేతిలో పెట్టింది.

సంతోషంతో కారు నడుపుతున్నాను. ఊరు దాటాక బ్రదర్ గొంతు సవరించుకున్నాడు.

"సిస్టర్, ఆ మిల్లు వెనక పొలం ఎవరిదో ఆవిడేమన్నా చెప్పిందా?"

"మనకెందుకు బ్రదర్?"

"ఏం లేదు, ఊరికే. మా ఆఫీసులో సైట్లు చూసే టీమ్ వాళ్ళు, ఎలాగూ వెళ్తున్నావుగా, పవరూ వాటరూ సంగతి కాస్త చూసి రమ్మన్నారు. నా గ్రీన్ కార్డ్ ప్రాసెస్ కంపెనీ చేతిలోనే ఉందాయె, కాదంటే ఎట్టా చెప్పండి?"

 పక్కనే దొరికిన మలుపులో కారు వెనక్కి తిప్పాను.

"సిస్టర్, ఏం చేస్తున్నారు? చర్చి పోద్ది!"

"పోతే పోనీండి" అన్నాను గానీ, పెద్దమ్మలకి ఏం చెప్పాలో తెలీలేదు.

ఆవిడ ఇంకా మిల్లు దగ్గరే ఉంది. తాళంచెవి చాపి ఉన్నదంతా చెప్పేశాను. బ్రదర్ కారు దిగలేదు, తలెత్తలేదు. ఆవిడ అటు చూసి, ఇటు చూసి, నా చెయ్యి వెనక్కి నెట్టింది.

"ఆదివారం రండి. అతన్నీ తీసుకురండి. నేనూ వస్తాను."

అప్పటినుంచి ప్రతి ఆదివారం వస్తుంది. ఒక్క తెలుగు ముక్క రాదు, అయినా చివరి బల్ల మీద చివరిదాకా కూర్చుంటుంది. ప్రార్థన చేద్దాం అని పాస్టర్‌గారు అనగానే అందరూ తలలు వంచి కళ్ళు మూసుకుంటారు. కాసేపటికి నేను ఒక కన్ను తెరిచి, మైకుల దగ్గరున్న బ్రదర్‌ని చూస్తాను. ఆవిడ చూపు అప్పటికే ఆయన మీద ఉంటుంది. ఒక్కోసారి నా మీద ఉంటుంది.