ప్రాసెసర్లకు మర్యాద నేర్పాను

తొమ్మిదో తరగతిలో లెక్కల సారు నా బుర్రను ఖాళీ కుండ అన్నారు. నేనొప్పుకోను. కుండలో కనీసం నీళ్లైనా నిలుస్తాయి. చదువు అప్పుడే నన్ను వదిలించుకుని ఊపిరి పీల్చుకుంది. అదే బుర్రతో బేగంపేట ఆఫీసులో, బ్యాంకు పెద్దల ఎదుట, బీరువా అంత కంప్యూటర్‌ను ఎలా మూగదాన్ని చేశానో చెబుతా, వినండి.

కంప్యూటర్లు రిపేరు చేస్తూ చేస్తూ ప్రోగ్రాములు రాయడం పట్టుబడింది. అనురాధ మేడమ్ నన్ను ట్రయల్ మీద తీసుకున్నారు. ఆవిడది విజయవాడ, చీవాట్లకు కూడా "అండీ" తగిలిస్తారు.

మా పని హైపర్‌వైజర్. భయపడకండి. ఒకే హాలుకు చీరలు అడ్డం కట్టి నాలుగు కుటుంబాలకు అద్దెకిచ్చే ఇంటి ఓనరును తలచుకోండి. ఈ ప్రోగ్రామూ అంతే. మెయిన్‌ఫ్రేమ్ అనే ఆ ఒక్క బీరువా కంప్యూటర్‌లో బోలెడు ఉత్తుత్తి ప్రాసెసర్ల చేత కాపురం పెట్టిస్తుంది. అవి చీరల చాటు నుంచి ఒకదానికొకటి సిగ్నళ్లు పంపుకుంటాయి: "ఆగు", "లే", "బతికే ఉన్నావా?" అందుకున్నది పనిలో ఉంటే వెంటనే "బిజీ, తర్వాత అడుగు" అంటుంది. అడిగింది తన దారిన తను పోతుంది. ఆ సిగ్నళ్లు చేరవేసే ముక్క రాసింది నేనే.

"రేపు దీన్ని కొనబోయే బ్యాంకు వాళ్ల ముందు ఆగకుండా నడిస్తే మీ ఉద్యోగం పర్మనెంటండీ యాదగిరి గారూ" అన్నారు మేడమ్.

వెంటనే మా ఆవిడ సునీతకు ఫోన్ చేశా.

"జెర తెలివి సూపియ్యకుండ ఉండు" అంది. "పర్మనెంట్ అయితేనే యాప్రాల్ దిక్కు వేరే ఇల్లు. లేకుంటే మా అన్న మేడ మీద రేకుల రూమే మనకు."

వాళ్లన్న గురకకు ఆ రేకులు తాళం వేస్తాయి. అందుకే అన్నీ ఇంకోసారి సరిచూద్దామని కూర్చున్నా.

సాయంత్రం తెర మీద చూద్దును కదా, బిజీ, బిజీ, బిజీ! నాకు తల కొట్టేసినట్టయింది. గడప తొక్కినవాడితో "పనిలో ఉన్నా" అంటే మా అమ్మ గరిటె విసిరేది. రేపు చుట్టాల్లా బ్యాంకు వాళ్లొస్తుంటే ఇదేం తెగులు? ఆ జవాబు పీకేశా. చేతిలో పని పూర్తయ్యాకే నోరు విప్పు, విప్పితే "సరే" అను! అడిగింది అందాకా కాచుకుని కూర్చోవాలి. ఒకదాని నుంచి ఇంకోదానికి సిగ్నల్ పంపి చూశా. వెన్నలా నడిచింది. రెండూ ఒకేసారి పంపుకుంటే? అది తట్టే బుర్రయితే సారుకు కుండ ఎందుకు గుర్తొస్తుంది?

మర్నాడు బ్యాంకు వాళ్లు కూర్చున్నారో లేదో, ఒక ప్రాసెసర్ పక్కదానికి "ఆగు" అంది. సరిగ్గా అప్పుడే పక్కది దీన్ని "బతికే ఉన్నావా?" అంది. నీ జవాబు వస్తేనే నా పని అయ్యేది, నా పని అయితేనే నీకు జవాబు! బోయిన్‌పల్లి మార్కెట్ గల్లీలో ఎదురెదురుగా ఇరుక్కున్న టమాటా ఆటోలే. అక్కడైతే కనీసం తిట్టుకుంటారు. ఇక్కడ నిండు మర్యాదతో మౌనం. వీటిని పలకరించబోయిన మిగతావీ అలాగే బిగుసుకుపోయాయి.

"ఏంటండీ ఈ ప్రశాంతత?" అన్నారు మేడమ్.

"ధ్యానంల ఉన్నయి మేడమ్."

"ఎంతసేపు ఉంటయ్?" అడిగాడు బ్యాంకు పెద్దాయన.

"భక్తిని బట్టి సార్."

మేడమ్ నా కోడు తెరిచారు. "బిజీ జవాబు ఏదండీ?"

"నేనే తీసేసిన. చుట్టాల ముందట బిజీ బిజీ అంటే ఏం మంచిగుంటది మేడమ్?"

పెద్దాయన తాగుతున్న చాయ్ ముక్కులోంచి వచ్చింది. మేడమ్ ఆ జవాబును తిరిగి పెట్టగానే యంత్రం లేచి పరుగెత్తింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంటి మర్యాదతోనే రచ్చకెక్కాను.

ఆ చాయ్ మరక సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఏ ప్రాణికీ, ఏ ప్రాసెసర్‌కీ ఈ జన్మలో మర్యాద నేర్పను.

ప్రతిజ్ఞ మేడమ్‌కూ వినిపించి, మెల్లగా అడిగా. "మరి నా పర్మనెంట్ సంగతి..."

"బిజీ. తర్వాత అడగండి" అన్నారు తలెత్తకుండా. "చూశారా, జవాబు వెంటనే ఇచ్చాను!"