భారతి వాళ్ళ నాన్న ముఖం

కొన్నేళ్ళుగా ఒక ముఖాన్ని మోస్తున్నాను. ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళకు తెలియదు. ఆ మనిషి కూతురికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

గవర్నర్‌పేటలో ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. ఫొటోలు తీసేవాణ్ణి, అందరి ఫొటోలకూ ఎడిటింగ్ చేసేవాణ్ణి. భారతి నా తర్వాత చేరింది. ఆ సంవత్సరం పోర్ట్రెయిట్ల ప్రదర్శన ఒకటి జరుగుతోందనీ, స్టూడియో తరఫున ఒక్క ఫొటోయే పంపుతాననీ మా యజమాని చెప్పారు. నేను కొండపల్లి వెళ్ళి, బొమ్మలకు రంగులు వేసే ఒకావిడ ఫొటో తీసుకొచ్చాను. బాగానే వచ్చింది. అదే వెళ్తుందనుకున్నాను.

వాళ్ళ నాన్న ఫొటో తీస్తానంది భారతి.

ఆయనకు ఆటోనగర్‌లో వెల్డింగ్ షెడ్డు ఉండేది. భారతి పుట్టకముందే ఏదో ప్రమాదంలో ఎడమ చెంప కాలి, ఆ కన్ను మూసుకుపోయింది. అప్పటినుంచీ కెమెరా కనిపిస్తే మొహం పక్కకు తిప్పేసేవారు. వాళ్ళింట్లో ఏ ఫొటోలోనూ ఆయన పూర్తిగా లేరు.

ఆమె చాలా రోజులు కెమెరా లేకుండానే షెడ్డుకు వెళ్ళి కూర్చుంది. రేకుల సందులోంచి ఎండ ఎప్పుడు ఎక్కడ పడుతుందో చూసుకుంది. నీడలో ఉండే చెంపమీదికి వెలుగు మెత్తగా తిరిగి రావాలని ఎదురుగోడకు సున్నం వేయించింది. కెమెరా తెచ్చాక కూడా ఆయన దాన్ని మరిచిపోయేదాకా ఆగింది. "ఇటు చూడు నాన్నా" అనలేదట. "నేను పుట్టినప్పుడు నన్నెత్తుకోడానికి భయపడ్డావంటగా?" అని అడిగిందట. ఆయన తిరిగారు. ఒక్కసారే నొక్కింది.

కెమెరాలోని మెమరీ కార్డు నా చేతికిస్తూ అంది: "కెమెరాలో నల్లగా కనిపిస్తోందండీ. ఎండ పడ్డచోట తెల్లగా మాడిపోకూడదని కావాలనే లైటు తగ్గించాను. ఆ చీకట్లో అన్నీ ఉంటాయి. మీరే పైకి తేవాలి."

తెరమీద మొదట నలుపే. నీడల్ని కొంచెం కొంచెంగా లేపాను. భుజం కనిపించింది. మసి అంటిన మెడ కనిపించింది. తర్వాత ఆ చెంప, ఎండాకాలం కృష్ణలో ఇసుకమీద గాలి గీసిన గీతల్లా, ఒక్కొక్క ముడతా వెలుగులోకి వచ్చింది. మూసుకుపోయిన ఆ కన్ను కూడా నవ్వుతోంది. దాచుకోవాలన్న ఊహే లేని ముఖం. ఎవరో పెద్దాయన గదిలోకి వచ్చినట్టు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఇందులో ఏది గొప్ప? ఆమె ఓపికా, ఆ సున్నమా, ఆ ప్రశ్నా, ఆ క్షణంలో వణకని వేలా, వాటన్నిటినీ పైకి తెచ్చిన నా చేతులా? విడదీయలేకపోయాను. నా చెయ్యి పడిన మాట కూడా నిజమే. కానీ ఎన్నేళ్ళు తిరిగినా ఇలాంటి ముఖం నా కెమెరావైపు తిరగదని ఆ నిమిషాన తెలిసిపోయింది.

ఫైలు తీసేశాను. ఎక్కడా మిగలకుండా చూసుకున్నాను. కార్డు ఖాళీ చేసి, పెళ్ళి ఫొటోలు తీయడానికి బయల్దేరుతున్న మా స్టూడియోవాళ్ళకు ఇచ్చేశాను. ఆవేశంలో చేశానని చెప్పుకోవాలని ఉంటుంది. కాదు. నిదానంగా చేశాను.

"ఏమీ రాలేదు భారతి గారూ. అంతా నలుపే" అన్నాను.

"అయ్యో... నేనే మరీ తగ్గించేశానన్నమాట" అంది. నన్ను అనుమానించలేదు. మళ్ళీ కూర్చోమని అడిగితే వాళ్ళ నాన్న, "ఒకసారి కూర్చున్నాగా తల్లీ" అని నవ్వేశారట. నా ఫొటో ప్రదర్శనకు వెళ్ళింది. నలుగురూ మెచ్చుకున్నారు. భారతి ఆ తర్వాత పాస్‌పోర్టు ఫొటోలు తప్ప ఎవరి ముఖమూ తీయలేదు. లైటు అంచనా తనకు రాదని అందరితో చెప్పేది.

తర్వాత ఆయన పోయారు. పెద్దకర్మకు ఫొటో కావాలని నా దగ్గరికే వచ్చింది. ఎవరిదో పెళ్ళి గుంపులోంచి కత్తిరించిన పక్క మొహం తెచ్చింది.

"ఈ రెండోవైపు మీరేమన్నా తెప్పించగలరా అండీ? ఎలా ఉండేదో నేను చెప్తాను" అంది.

చెప్పింది. చెంప ఎలా ఉండేదో, నవ్వితే ఆ కన్ను ఏమయ్యేదో. ప్రతి మాటా నిజమే. అది నాకు తెలుసు. తల వంచుకుని విన్నాను.

"కుదరదండీ" అన్నాను.

పక్క మొహానికే దండ వేశారు.

ఇప్పుడు ఆమెకు చెప్పాలా? చెబితే ఫొటో తిరిగి రాదు, ఉందని తెలియనిదాన్ని కూడా ఆమె పోగొట్టుకుంటుంది. ఇలా అనుకోవడం ఆమె మీద దయా, నా పిరికితనమా? పిరికితనమే. అయినా ఇన్నాళ్ళూ నాలో నేనైనా పూర్తిగా అనుకోని మాటను ఇక్కడ రాస్తున్నాను, రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. భారతి లైటు అంచనా తప్పలేదు. ఆ ఫొటో వచ్చింది. అంత గొప్పదాన్ని నేను మళ్ళీ చూడలేదు. దాన్ని నేనే చెరిపేశాను.